యాభై హెర్ట్జ్ కాపరులు

2020 ఏప్రిల్ 5, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి దేశమంతా లైట్లు ఆపి తొమ్మిది నిమిషాలు దీపాలు పెట్టింది. ప్రధాని ఆ పిలుపు ఇచ్చింది 3వ తేదీ ఉదయం. ఢిల్లీలోని జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ మొదలు హైదరాబాద్, విజయవాడల్లోని రాష్ట్ర కేంద్రాల దాకా గ్రిడ్ నడిపే ఇంజినీర్లకు నిండా మూడు రోజుల గడువైనా లేదు. మన విద్యుత్ రంగంలో ఇంతకు మించిన పనితనం నాకు తెలియదు.

కరెంటు వాడకం ఎంతో ఉత్పత్తి కూడా ఆ క్షణానికి అంతే ఉండాలి. వాడకం ఉన్నట్టుండి పడిపోతే జనరేటర్ల వేగం పెరిగి ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దాటి పోతుంది. మరీ పెరిగితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి, ఒకదాని వెనక ఒకటి. బ్రిటన్ చట్టం అటూ ఇటూ అర హెర్ట్జ్ దాకా ఒప్పుకుంటుంది. అప్పటి మన గ్రిడ్ కోడ్ గిరి గీసింది 49.90కీ 50.05కీ మధ్య. పైగా 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ కూడా వచ్చి కలిశాక దేశమంతటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. తూలితే అందరం కలిసే తూలాలి.

ఆపేది లైట్లే కనుక 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్కగట్టారు. థర్మల్ కేంద్రంలో బాయిలర్‌ను నిమిషాల మీద తగ్గించి పెంచడం కుదరదు. నీటి టర్బైన్‌కైతే గేట్లు మూస్తే చాలు. అందుకే సాయంత్రం జలవిద్యుత్తును పొదుపుగా వాడి, అసలు సమయానికి దాన్ని బాగా పెంచి ఉంచారు. తగ్గించాలంటే ముందు చేతిలో ఉండాలి కదా! ఫ్రీక్వెన్సీని కూడా ముందే కింది అంచుకు దించి ఉంచాలనుకున్నారు, దూకేవాడు ఒక అడుగు వెనక్కి వేసినట్టు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఎత్తు ఇదే.

తీరా చూస్తే జనం చెప్పిన వేళకన్నా ముందే, అనుకున్నదానికన్నా ఎక్కువే ఆపేశారు. 8:45కీ 9:10కీ మధ్య వాడకం 31,089 మెగావాట్లు పడిపోయింది, అంచనాకు రెట్టింపు పైన. ఆ ఇరవై అయిదు నిమిషాల్లోనే జలవిద్యుత్తును 25,559 నుంచి 8,016 మెగావాట్లకు దించారు. థర్మల్, గ్యాస్, పవన విద్యుత్ కేంద్రాలు మరో పదకొండు వేల దాకా తగ్గాయి. ఆ వెంటనే లైట్లు మళ్లీ వెలిగాయి. పదిహేడు నిమిషాల్లో అవే నీటి యంత్రాలు 19,012 మెగావాట్లకు ఎక్కాయి.

ఫ్రీక్వెన్సీ 8:49కి 49.70కి దిగింది, 9:08కి 50.26కి ఎక్కింది. రెండూ గిరి బయటివే. అది లోపమని నేననుకోను. అంచనా సగానికి సగం తప్పినా ఏ ఊళ్లోనూ గ్రిడ్ కూలలేదంటే, ముందుగా దాచిపెట్టుకున్న ఆ కాస్త వెసులుబాటే కారణం.