బాజియె పుణ్యం, త్సుయ్‌లాన్ గది

చైనా నవల 'పశ్చిమ యాత్ర' (షీ యూ జీ) చదివిన వాళ్లకి సున్ వుకోంగ్ అనే కోతి మీద అబ్బురం కలుగుతుంది. ప్రేమ పుట్టేది మాత్రం జు బాజియె అనే పంది మీద. నాకూ అంతే. ఆకలికి ఆగలేడు, నిద్రకి ఆగలేడు, కాస్త కష్టం రాగానే మూటలు పంచేసుకుని ఎవరిళ్లకి వాళ్లం పోదామంటాడు. మనుషుల్ని తినే రాక్షసుడుగా మొదలై, బౌద్ధ భిక్షువుకి శిష్యుడై, నూరో అధ్యాయంలో బుద్ధుడి చేతుల మీదుగా పదవి అందుకుంటాడు. ఇన్ని లోపాలున్న వాడికి కూడా ఒక దారి ఉందని చెప్పగలగడం ఆ నవల పెద్దమనసు. దాన్ని నేను కాదనను. కానీ ఆ దారి ఒక ఆడపిల్లని పెట్టి తాళం వేసిన గది ముందు నుంచి మొదలైంది. అక్కడ మాత్రం నవల ఎక్కువసేపు నిలబడదు.

1592లో నాన్‌జింగ్‌లో అచ్చయిన ప్రతి మీద రచయిత పేరు లేదు. వు చెంగ్‌అన్ రాశాడన్నది తర్వాత స్థిరపడిన అభిప్రాయం. 629లో బయల్దేరి 645లో తిరిగి వెళ్లిన యాత్రికుడు, మన ధాన్యకటకం దాకా వచ్చిన హ్యూయన్ త్సాంగే ఇందులో గురువు. నవలలో మాత్రం ఆయన శిష్యుల అండ లేకుండా అడుగు వెయ్యలేని, మాటిమాటికీ కన్నీళ్లు పెట్టుకునే మనిషి.

బాజియె పుట్టుకతో పంది కాదు. స్వర్గంలో ఆకాశనది నౌకాదళానికి అధిపతి. విందులో తాగి చంద్రలోకపు చాంగె మీద చెయ్యి వెయ్యబోయాడు. రెండు వేల దెబ్బలు కొట్టి భూమ్మీదకి తోస్తే, దారి తప్పి పంది కడుపున పడ్డాడు. ఇక్కడ శిక్ష స్వర్గపు మర్యాద చెడినందుకు. చాంగె ఏమనుకుందో ఎవరూ అడగరు. భూమ్మీద ఒక గుహలో ఉండే స్త్రీ అతన్ని ఇల్లరికం తెచ్చుకుంటుంది. ఏడాది తిరక్కుండానే ఆమె పోతుంది, గుహా ఆస్తీ ఇతనికి మిగులుతాయి. రెండు మూడు వాక్యాల్లో ఆమె కథ ముగుస్తుంది. తర్వాత బోధిసత్వ గువాన్‌యిన్ ఎదురై, మనుషుల్ని తినడం మానేసి సూత్రాల కోసం వచ్చే భిక్షువు కోసం ఎదురుచూడమంటుంది. సరేనంటాడు. ఎదురుచూస్తూ చేసిన పనే గావ్ ఊరి పెళ్లి. పరివర్తన మొదలయ్యాక జరిగిన పెళ్లి అది. ఈ వరస గమనించాలి.

గావ్ పెద్దాయనకి ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దవాళ్లిద్దర్నీ ఊళ్లో వాళ్లకే ఇచ్చి, మూడోపిల్ల త్సుయ్‌లాన్‌కి ఇల్లరికపుటల్లుణ్ణి వెతికాడు. దొరికినవాడు పనిమంతుడు. ఎద్దు లేకుండా దున్నాడు, కొడవలి లేకుండా కోశాడు. మూడేళ్లలో ఇల్లు కలిసొచ్చింది. మెల్లగా మూతి పొడుగై, చెవులు వేలాడి అసలు రూపం బయటపడ్డాక, వదిలించుకోవాలని మామ చూస్తున్నాడని తెలిసి, అతను ఇరవయ్యేళ్ల భార్యని వెనక ఇంట్లో పెట్టి తాళం వేశాడు. ఆర్నెల్లు. తండ్రి ఫిర్యాదు చదివితే నాకు ఒళ్లు మండింది. అల్లుడు తెగ తింటున్నాడు, ఇంటి పేరు పోతోంది, వియ్యాలవారంటూ ఎవరూ లేకుండా పోయారు. పిల్ల ఆర్నెల్లుగా కనపడలేదన్నది అందులో ఒక అంశం మాత్రమే.

వుకోంగ్ వచ్చి చూస్తే తాళంలో కరిగిన రాగి పోసి ఉంది. తలుపు బద్దలు కొడతాడు. దువ్వని జుట్టుతో, కడగని ముఖంతో, నిలబడే సత్తువ కూడా లేని త్సుయ్‌లాన్ తండ్రిని పట్టుకుని ఏడుస్తుంది. రాక్షసుడెక్కడని వుకోంగ్ అడిగితే, తెల్లారగానే పోతాడు, చీకటి పడ్డాక మబ్బులో వస్తాడు, ఎక్కడికో తెలియదు అంటుంది. దాదాపు ఆమె మాటలన్నీ ఇంతే. ఆమెని అవతలికి పంపించి, వుకోంగ్ ఆమె రూపం ధరించి మంచం ఎక్కుతాడు. ఆ తర్వాత వచ్చేది ఎంతో సరదా అయిన ఘట్టం. భార్య అనుకుని బాజియె దగ్గరికొస్తాడు. ఆమె నిట్టూరిస్తే నొచ్చుకుంటాడు. మీ ఇల్లు ఊడ్చాను, గోడలు కట్టాను, పొలం దున్నాను, నీకు పట్టుబట్టలు, బంగారం పెట్టాను, ఇంకా ఏం తక్కువైందని అడుగుతాడు. ఈ ప్రశ్న వినని ఆడది మనలో ఎవరుంటారు? తీరా అది విన్నది త్సుయ్‌లాన్ కాదు, ఆమె వేషంలో ఉన్న మగవాడు. జవాబు చెప్పే ఒక్క అవకాశం వచ్చేసరికి ఆమెని గదిలోంచే కాదు, సంభాషణలోంచీ తప్పించారు.

బాజియె వాదనలో అబద్ధం లేదు. మామ అతని చాకిరీని మూడేళ్లు వాడుకున్నాడు. వుకోంగ్ కూడా పెద్దాయనతో అదే అంటాడు, ఊరికే తినలేదు కదా, ఆస్తి సంపాదించి పెట్టాడు కదా అని. అల్లుడి శ్రమకి లెక్క చెప్పే మధ్యవర్తి దొరికాడు. ఆ లెక్కలో ఆర్నెల్ల తాళం ఏ పద్దులోనూ పడలేదు.

మారే అవకాశం ఎవరికొస్తుందో చూడటానికి 72, 73 అధ్యాయాలు పక్కన పెట్టుకోవాలి. ఏడుగురు సాలీడు అక్కచెల్లెళ్లు, వాళ్లకి అన్న వరసైన జెర్రి సన్యాసి. వాళ్లు గురువుని బంధించిన మాట నిజమే. కొలనులో స్నానం చేస్తుంటే వుకోంగ్ డేగై వాళ్ల బట్టలెత్తుకుపోతాడు, బాజియె చేపగా మారి వాళ్ల కాళ్ల మధ్య తిరుగుతాడు. అప్పటికతను దీక్షలో ఉన్న భిక్షువు! చివరికి వుకోంగ్ ఏడుగుర్నీ పట్టుకుని, గురువునిస్తే వీళ్లని వదులుతానంటే అన్న ఒప్పుకోడు. ఏడుగురూ పచ్చడి పచ్చడవుతారు. గురువుకి విషం పెట్టిన ఆ అన్నని మాత్రం బోధిసత్వ పిలాన్‌పో, తన ఆశ్రమానికి కాపలా లేదని చెప్పి, వెంట తీసుకుపోతుంది. ఆమె స్త్రీ. ఆర్థర్ వేలీ 1942 సంక్షిప్త అనువాదంలో ఈ అధ్యాయాలు లేవు. ఆంథొనీ యూ సంపూర్ణ అనువాదం చదివే దాకా నాకీ జంట తీర్పు తెలియదు.

ఆడ రాక్షసులంతా చచ్చారనీ కాదు. చాంగె కుందేలు బతికింది, స్వర్గంలో పెంపుడు తండ్రి ఉన్న ఎలుక బతికింది. పైన అడిగేవాళ్లున్నారు కాబట్టి. ఎద్దు రాజుని బుద్ధుడి దగ్గరికి నడిపించుకుపోయారు, అతని రెండో భార్య అయిన నక్కని బాజియె తన దంతెతో చంపాడు. ఒకప్పుడు తనూ అలాంటి గుహలో ఇల్లరికం ఉన్నవాడే.

చివర్లో బుద్ధుడు తీర్పు చెప్పేటప్పుడు ఏమీ దాచడు. నీలో మొండితనం పోలేదు, ఆడవాళ్ల మీద యావ పోలేదు, కానీ దారి పొడుగునా మూటలు మోశావు కాబట్టి బలిపీఠాలు శుభ్రం చేసే పదవి ఇస్తున్నానంటాడు. అంటే మిగిలిన నైవేద్యాలు తినే పని. ఈ నిజాయితీ నాకు నచ్చింది. మన పంచాయితీల్లో మారాడు కదమ్మా, సంపాదిస్తున్నాడు కదమ్మా, సర్దుకో అని పంపించే పెద్దలు రెంటినీ ఒకటే చేసి చెబుతారు. బుద్ధుడు విడదీసి చెప్పాడు. మారింది తక్కువ, మోసింది ఎక్కువ.

గావ్ ఊరి నుంచి బయల్దేరేటప్పుడు బాజియె మామతో, నా భార్యని బాగా చూసుకో, సూత్రాలు దొరక్కపోతే తిరిగొచ్చి అల్లుడిగానే ఉంటానంటాడు. ఇప్పుడామె విడుదలైనట్టా, వాయిదా పడినట్టా? యాత్రకి పద్నాలుగేళ్లు పట్టింది. తిరుగు ప్రయాణంలో నవల ఒక పాత ఇంటి దగ్గర ఆగుతుంది కూడా. తాము కాపాడిన పిల్లలున్న చెన్ కుటుంబం వీళ్లకి గుడి కట్టి, విందు పెడుతుంది. గావ్ ఊళ్లో మాత్రం ఆగదు. సూత్రాలు దొరికాయని త్సుయ్‌లాన్‌కి ఎవరైనా కబురు చేశారో లేదో నవలలో లేదు.