ముందు జుట్టు అందేదాకా

1970లలో సింగపూర్ ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక పోస్టరు ఉండేది. జుట్టు పెంచిన మగవాళ్ల పని అందరికంటే చివర చూస్తాం అని దాని సారాంశం. ఏది పొడవు జుట్టో కూడా అందులోనే చెప్పారు: నుదుటి మీద పడి కనుబొమలను తాకితే పొడవు, చెవులను కప్పితే పొడవు, చొక్కా కాలరు కిందికి దిగితే పొడవు. హిప్పీల గాలి తమ కుర్రాళ్లకు సోకకూడదని అప్పటి ప్రభుత్వ పట్టుదల. ఆ పట్టుదల వల్లే 1972లో లెడ్ జెప్లిన్ బృందం అక్కడ కచేరీ చేయలేకపోయింది.

ఆ కొలతతో చూస్తే మన దగ్గర మీడియం కటింగ్ చేయించుకుని మూడు నెలలు ఆగిన ప్రతివాడిదీ పొడవు జుట్టే. కాదని నా నమ్మకం. చాలా ఏళ్లుగా జుట్టు పెంచుతున్నవాణ్ని కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అప్పుడప్పుడూ కుర్రాళ్లు వచ్చి, నడినెత్తిన చిన్న ముడి చూపించి, "అన్నా, నాది కూడా లాంగ్ హెయిరే కదా?" అని అడుగుతారు. చెవుల చుట్టూ, మెడ మీదా మిషన్ పెట్టించి ఉంటారు. ఇంకా కాలేదు తమ్ముడూ అంటాను. ఎందుకు కాలేదో చెప్పాలి కదా.

1991లో 'సడక్', 'సాజన్' వచ్చాక సంజయ్ దత్ కటింగ్ కావాలని సెలూన్లకు వెళ్లినవాళ్లు చాలామంది. ముందు, చెవుల దగ్గర పొట్టిగా, వెనక మెడ మీద పడేలా ఉండేది. ఇప్పుడదే పక్కన ఫేడ్ తగిలించుకుని మళ్లీ వచ్చింది. అందమైన కటింగే. దాన్ని తీరుగా చేయాలంటే చేయి తిరిగిన మనిషి ఉండాలి. కానీ అది పొడవు జుట్టు కాదు, వెనక మాత్రం వదిలేసిన పొట్టి జుట్టు.

లెక్క వేసి చూడండి. తల వెంట్రుక నెలకు రమారమి ఒక సెంటీమీటరు, కాస్త ఎక్కువ పెరుగుతుంది. ఏడాదికి పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్లు. మెడ దగ్గరి వెంట్రుక మొలిచిందే కాలరు పక్కన. నాలుగైదు నెలల్లో కాలరు దాటేస్తుంది, దానికి ఓపిక అక్కర్లేదు. నుదుటి దగ్గరి వెంట్రుక సంగతి వేరు. అది నడినెత్తి ఎక్కి, అవతల దిగి, మెడ దగ్గర మిగతా జుట్టుతో కలవాలంటే ముప్పై సెంటీమీటర్లకు పైమాటే. అంటే రెండేళ్లు, రెండున్నరేళ్లు. ఈ రెండున్నరేళ్లనూ వదిలేసి, ఆ నాలుగైదు నెలలనే మిగుల్చుకునే కటింగ్ పొడవు జుట్టు ఎలా అవుతుంది?

ఆ మధ్యకాలం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. సుమారు ఆరో నెల నుంచి మొదలు. ముందు జుట్టు ముక్కు దాకా వస్తుంది, చెవి వెనక మాత్రం నిలవదు. వెనక్కి తోస్తే రెండడుగులు వేసేలోగా జారి ముందుకొస్తుంది. రబ్బరు బ్యాండు వేస్తే వెనకది ఇముడుతుంది, కణతల దగ్గర మాత్రం చెరో పాయా తప్పించుకుంటుంది. అన్నం తింటుంటే ముద్దతోపాటు నోట్లోకి వస్తుంది. బండి మీద వెళ్తుంటే హెల్మెట్ అద్దం వెనక కంట్లో గుచ్చుకుంటుంది. ఏ కోణంలో దువ్వినా మనిషి పెంచుతున్నట్టు కనిపించడు, కటింగ్ మర్చిపోయినట్టు కనిపిస్తాడు. పెంచుదామనుకున్నవాళ్లలో చాలామంది ఇక్కడే కుర్చీ ఎక్కి కూర్చుంటారు. వాళ్లను తప్పుపట్టను, కష్టమే.

పైగా మన వైపు మగవాడు జుట్టు పెంచితే దానికో గడువు ఉంటుందనుకుంటారు. "తిరుపతి మొక్కా?" అంటారు. "ఇంట్లో ఏమన్నా విశేషమా?" అంటారు, భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త క్షౌరం చేయించుకోని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి. అయ్యప్ప మాల వేశావా అంటారు. మాల నలభై ఒక్క రోజులు, అంతలో పెరిగేది సెంటీమీటరున్నర. మొక్కు జుట్టును మాత్రం నేను నిండు మనసుతో పొడవు జుట్టు కింద లెక్కవేస్తాను. ముందూ వెనకా ఎంచకుండా, కత్తెర తగలకుండా పెంచి, కల్యాణకట్టలో మొత్తం ఇచ్చేస్తారు. అక్కడ పోగైన తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తారు. అయిదంగుళాల లోపుది వేరే రకం.

ఈ వాదన నా ఒక్కడిదే అయితే ఇంత గట్టిగా చెప్పను. చైనా చరిత్ర చూడండి. 1645లో మంచూ పాలకులు హాన్ మగవాళ్లందరూ తల ముందు భాగం గొరిగించుకుని, వెనక జుట్టును జడ వేసుకోవాలని ఆజ్ఞ ఇచ్చారు. కాదంటే తల తీసేవారు, నిజంగానే తీశారు. అంతకుముందు హాన్ మగవాళ్లు, తల్లిదండ్రులిచ్చిన జుట్టును కోయకూడదని, మొత్తం పెంచి నెత్తిన ముడి వేసుకునేవారు. వెనక జడ మిగిలినా, తమ జుట్టు పోయిందనే వాళ్లు ఏడ్చారు. రెండు వందల ఏళ్ల తరవాత, 1850లో తైపింగ్ తిరుగుబాటు మొదలైంది. తిరగబడ్డవాళ్లు నుదుటిని గొరగడం మానేసి ముందు జుట్టు పెరగనిచ్చారు. జనం వాళ్లకు పెట్టిన పేరు 'పొడవు జుట్టువాళ్లు'. దేశమంతా నడుము దాకా జడలున్న మగవాళ్లే, అయినా ఆ పేరు వచ్చింది ముందు జుట్టు పెంచినవాళ్లకు!

మనకూ ఇది కొత్త కాదు. పిలక భుజం దాటినా ఆ మనిషికి జులపాలు ఉన్నాయని ఎవరూ అనరు. పిలక ఆచారం, దాని గౌరవం దానిది. అది పొడవు జుట్టు అనిపించుకోవాలని ఎప్పుడూ అడగలేదు.

ఉంగరాల జుట్టువాళ్లకు మాత్రం అన్యాయం జరగకూడదు. వాళ్లది చెవి దగ్గరే ఆగినట్టుంటుంది. తడిపి, ఒక పాయను వేళ్ల మధ్య పట్టి కిందికి లాగితే భుజం అందుకుంటుంది. నా దృష్టిలో అది పొడవే. కొలవాల్సింది పెరిగినంత మేర, కనిపించినంత కాదు.

జుట్టంతా ఒక్క గుప్పిట్లోకి వచ్చాకే దాని సంరక్షణ అనే పని అసలు మొదలవుతుంది. చిక్కు చివర నుంచి పైకి తీయాలి, పైనుంచి లాగితే ముడి బిగుస్తుంది. తలంటుకున్నాక తువ్వాలుతో రుద్దకూడదు, అద్ది వదిలేయాలి. తడిగా ముడి వేయకూడదు. రోజూ యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. పొట్టి జుట్టుకూ రాలతాయి, దువ్వెనకు ఇంత పొడుగున వేలాడవు కాబట్టి ఎవరూ భయపడరు. ఈ పనులన్నీ ఇష్టంగా చేసుకుంటాను. తల ఆరబెట్టుకుంటూ ఎండలో కూర్చున్న ఆదివారాలంటే నాకు ప్రేమ.

ముడి చూపించి అడిగే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇంతే. పక్కల మిషన్ పెట్టించడం ఆపండి. పదో నెలలో సెలూన్ అన్న "కొంచెం సెట్ చేస్తా" అంటాడు, ముందు జుట్టు జోలికి పోవద్దని కుర్చీలో కూర్చోకముందే చెప్పండి. వెనక మాత్రం మూడు నెలలకోసారి కాలరు అంచుకు తీయించండి, ముందుది వచ్చి అందుకునేదాకా.