పేరులో ఒకటి, దేహములో మరొకటి

అమెరికా ఖండమందలి ఒపోసమ్ అను జంతువునకు లిన్నేయస్ పండితుడు 1758లో ‘డైడెల్ఫిస్’ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దీనికి ‘రెండు గర్భాశయములు కలది’ అని అర్థము. పేరు బాగుగనే యున్నది. కాని దానినే ముఖ్య లక్షణముగా బోధించుట పొరపాటు.

రెండు గర్భాశయములు ఒపోసమ్‌కు మాత్రమే కలవా? కంగారువునకును రెండే. ఆ మాటకు వచ్చిన, మన కుందేలునకును రెండే. అసలు భేదము వేరొక చోట నున్నది. కుందేలులో మూత్రనాళములు జనన నాళములకు వెలుపలి వైపున పోవును. కనుక ఆ నాళములు క్రిందిభాగమున కలిసి ఒకే యోనిగా నేర్పడును. ఒపోసమ్‌లో మూత్రనాళములు వాని నడుమగా పోవును. అందుచే అవి కలియలేక, యోనియు రెండు పాయలుగా నుండును. ఈ సంగతిని పేరు చెప్పదు.

ఇంకొక చిత్రము చూడుడు. దక్షిణ అమెరికాలోని కొన్ని చిన్న ఒపోసమ్‌లకు ‘మోనోడెల్ఫిస్’ అని పేరు. అనగా ‘ఒకే గర్భాశయము కలది’. కోసి చూచిన, వానికిని రెండే! పైగా, ‘సంచి జంతువులు’ అను తరగతిలో చేరిన వీనికి సంచియే లేదు.

అర్థము సరిపడలేదని శాస్త్రనామమును మార్చరు. ముందు ప్రకటింపబడిన పేరే చెల్లునని నియమము. ఆ నియమము మంచిదే; లేనిచో ఏ పేరును నిలువదు. అయితే పేరు గుర్తు మాత్రమే, నిర్వచనము కాదు. ‘డైడెల్ఫిస్ అనగా నేమి?’ అని యడిగిన ఉపాధ్యాయుడు, దాని 50 పండ్లను, గోరులేని వెనుకకాలి బొటనవ్రేలిని గూర్చియు అడుగవలెను.