బుచ్చమ్మనెవరడిగారు?

విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకి 'కన్యాశుల్కం' పాఠం చెప్పడం అనుకున్నంత సులువు కాదు. గురజాడ ఇల్లు ఊళ్ళోనే ఉంది. గిరీశం మాటలు నాటకం ముట్టని వాళ్ళ నోట కూడా వినిపిస్తాయి. అంతా ముందే తెలుసనుకుంటారు కాబట్టి పుస్తకం తెరవరు. తెరిపించడానికి నేనొక ఉపాయం పట్టుకున్నాను. ముగింపు తేల్చని నవలలకి మరో ముగింపు రాయించే అభ్యాసాన్నే ఈ నాటకానికి పెట్టాను. తెర పడ్డాక ఇంకొక్క రంగం రాసుకురావాలి. నాటకంలో ఉన్న దేన్నీ కాదనకూడదు.

ఇదేం అపచారం కాదు. 1897లో అచ్చయిన నాటకాన్ని 1909లో దాదాపు కొత్తగా తిరగరాసింది గురజాడే. మధురవాణి అంతగా ఎదిగింది ఆ రెండో రచనలోనే.

ఎక్కువమంది మధురవాణికి పెళ్ళి చేసేశారు, అదీ సౌజన్యారావు పంతులుతోనే. వేశ్యల్ని దగ్గరికి రానివ్వనని నియమం పెట్టుకున్న మనిషి ఎలా మారాడో, ఆ పెళ్ళికి ఎవరెవరు వచ్చారో కూడా రాయమన్నాను. అక్కడ కలాలు ఆగిపోయాయి. కోరిక రాయడం తేలికే. దాని ఖరీదు ఎవరు కట్టారో రాసినప్పుడే అది ముగింపు అవుతుంది. కారా మాస్టారి 'యజ్ఞం' (1964) దగ్గర ఇది ఇంకా బాగా తెలిసింది. కొడుకుని సీతారాముడు చంపకుండా ఒకమ్మాయి కథ మార్చింది. "మరి అప్పు?" అన్నాను. వారం తర్వాత ఆ పిల్లాడిని పాలేరుగా పెట్టి తీసుకొచ్చింది. సీతారాముడు భయపడ్డదే అది కదా మేడమ్, అని తనే అంది. ఆ కథ మీద దశాబ్దాలుగా నడిచిన చర్చని నేను గంటసేపు చెప్పినా అంత తెలిసేది కాదు.

ఇక బుచ్చమ్మ. చివరి రంగంలో ఆమెని పూనా వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు నిర్ణయిస్తాడు. చదివించాలన్న మంచి ఉద్దేశమే. 1890లలో పూనాలో పండిత రమాబాయి శారదా సదనం ఉంది, 1896లో కార్వే పెట్టిన ఆశ్రమం కూడా ఉంది. తెలుగు తప్ప మరో భాష రాని పిల్ల అక్కడ మొదటి రోజు ఎవరితో ఏం మాట్లాడి ఉంటుందని ఇద్దరు ముగ్గురు చక్కగా ఊహించారు. నేను మెచ్చుకుని మార్కులు వేశాను.

ఒకమ్మాయి మాత్రం తెల్ల కాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చింది: "నన్నెవులైనా అడిగినారేటి?"

నేను దాని కింద "అసంపూర్ణం" అని రాశాను. అంతటితో ఆగలేదు. అగ్రహారం బుచ్చమ్మ ఇలా మాట్లాడదని 'ఎవులు' చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాను. వాడుక భాష కోసం అంత పోరాడిన రచయిత నాటకాన్ని, ఆయన ఊళ్ళోనే పాఠం చెబుతూ! ఆ పిల్ల బుచ్చమ్మ కోసం రాస్తోందా, తన కోసం రాస్తోందా అన్న అనుమానం కూడా నాకు రాలేదు.

మరుసటి ఏడాది అదే రంగం చెబుతూ పేజీ మధ్యలో ఆగాను. బుచ్చమ్మ భవిష్యత్తు తేలుతున్న ఆ చోట బుచ్చమ్మ లేదు. రంగస్థలం మీదకే రాదు. గిరీశం ఉన్నాడు, సౌజన్యారావు ఉన్నాడు, మధురవాణి ఉంది. పీహెచ్‌డీ రోజుల నుంచీ ఎన్నిసార్లో చదివిన రంగం అది. మధురవాణి తెలివి మీద పేజీలు రాశాను గానీ ఈ ఖాళీ నా కంటపడలేదు. ఆ పిల్ల రాసిన ఒక్క వాక్యం నాటకంలో ఉన్న దేన్నీ కాదనలేదు. నేను పెట్టిన షరతుకి క్లాసులో అందరికంటే కచ్చితంగా లోబడింది అదే.

మార్కులు దిద్దుదామని ఆమె గురించి అడిగాను. వేసవిలో పెళ్ళయిందనీ, చదువు మానేసిందనీ స్నేహితురాళ్ళు చెప్పారు. సంబంధం ఎవరు చూశారో, ఆమెని అడిగారో లేదో వాళ్ళకీ తెలీదు.

ఇప్పుడు ఆ అభ్యాసం ఇచ్చేటప్పుడు ఎవరి మాటలో వాళ్ళు రాయొచ్చని ముందే చెబుతున్నాను. ఈసారి ఇద్దరు మీనాక్షిని ఎంచుకున్నారు. ఒకరిది పదకొండు పేజీలు, ఇంకా దిద్దలేదు.