చేర్చడం ఒక ఎత్తు, తీసివేయడం మరొక ఎత్తు: మైక్రోకె8ఎస్ యాడాన్ విధానంపై విమర్శనాత్మక పరిశీలన

గత భాగంలో మైక్రోకె8ఎస్‌ను ఒకే కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసి, డీఎన్ఎస్, డాష్‌బోర్డ్ వంటి యాడాన్‌లను ‘ఎనేబుల్’ అనే ఒక్క ఆదేశంతో చేర్చుకోవడం నేర్చుకున్నారు. ఆ ఆదేశం వెనుక ఏం జరుగుతుందో, మీరే ఒక యాడాన్ తయారు చేయాలంటే ఏం కావాలో ఇప్పుడు చూద్దాం. అయితే ఈ భాగం తయారీ పద్ధతి చెప్పి ఊరుకోదు, ఆ పద్ధతి గుణదోషాలను కూడా తూచి చూస్తుంది. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. యాడాన్‌ను చేర్చే మార్గాన్ని ఈ వేదిక చక్కగా వేసింది. తీసివేసే మార్గాన్ని మాత్రం యాడాన్ రాసినవారి మంచితనానికి వదిలేసింది.

యాడాన్ నిర్మాణం

మైక్రోకె8ఎస్ యాడాన్ అంటే ఒక ఫోల్డరు. అందులో ‘ఎనేబుల్’, ‘డిసేబుల్’ అనే పేర్లతో రెండు అమలు చేయదగిన ఫైళ్లు ఉంటాయి. వాటిని బాష్‌లో రాయవచ్చు, పైథాన్‌లో రాయవచ్చు. ఇలాంటి ఫోల్డర్లన్నీ ఒక రిపాజిటరీలో ఉంటాయి. ఆ రిపాజిటరీ మొదట్లో ఉండే ఒక యామెల్ ఫైలు ప్రతి యాడాన్ పేరు, వివరణ, వెర్షన్, పనిచేసే ప్రాసెసర్ రకాలు, స్థితిని తనిఖీ చేసే గుర్తు ఏమిటో చెబుతుంది. నేర్చుకోవలసిన కొత్త భాష లేదు, కొత్త లైబ్రరీ లేదు. షెల్ స్క్రిప్టు రాయడం వచ్చినవారు ఒక సాయంత్రం కూర్చుంటే మొదటి యాడాన్ పూర్తవుతుంది. ఇది చిన్న గుణం కాదు.

2022లో వచ్చిన 1.24 వెర్షన్‌కు ముందు యాడాన్‌లన్నీ ప్రధాన ప్యాకేజీలోనే ఉండేవి. కొత్తది చేర్చాలంటే మైక్రోకె8ఎస్ మూల ప్రోగ్రామునే మార్చాల్సి వచ్చేది. ఆ వెర్షన్ నుంచి కెనానికల్ సంస్థ నిర్వహించే ‘కోర్’ రిపాజిటరీ, బయటి రచయితల ‘కమ్యూనిటీ’ రిపాజిటరీ వేరయ్యాయి. మీ సొంత గిట్ రిపాజిటరీని కూడా ఒక ఆదేశంతో జోడించుకోవచ్చు. ఈ మార్పు సరైనదే. చిక్కేమిటంటే, వాకిలి తెరిచినప్పుడు లోపలికి వచ్చేవారి మీద పెట్టవలసిన నియమాలు దానితోపాటు పెరగలేదు.

‘ఎనేబుల్డ్’ అంటే ఏమిటి?

స్టేటస్ ఆదేశం ఇచ్చినప్పుడు కనిపించే జాబితాలో ఒక యాడాన్ పేరు ‘ఎనేబుల్డ్’ కింద ఉంటే అది పనిచేస్తోందని మీరు అనుకుంటారు. అలా అనుకోవడం సహజం. కాని అక్కడ జరిగేది వేరు. యామెల్ ఫైలులో రాసిన గుర్తు, ఉదాహరణకు ఒక పాడ్ పేరు, క్లస్టర్‌లోని వస్తువుల జాబితాలో ఎక్కడైనా కనిపిస్తుందా అని మాత్రమే వేదిక వెతుకుతుంది. లేదా ఆ గుర్తు ఒక ఫైలు దారి అయితే ఆ ఫైలు ఉందా అని చూస్తుంది. పాడ్ ఆరోగ్యంగా ఉందా, మొదలై పడిపోతూ మళ్లీ మొదలవుతోందా అన్నది ఈ తనిఖీకి పట్టదు. పేరు ఉంటే చాలు. హాజరుపట్టీలో పేరుంది కాబట్టి విద్యార్థి తరగతిలోనే ఉన్నాడన్నట్లుంది ఈ లెక్క.

దూరవిద్యలో చదివే మీకు ఇది పుస్తకంలోని విషయంగా మిగిలిపోదు. ప్రయోగశాలలో పక్కన కూర్చుని చూసిపెట్టేవారు ఉండరు. తెర మీద ‘ఎనేబుల్డ్’ అని కనిపిస్తూ, యాడాన్ పనిచేయకపోతే, తప్పు మీదేననుకుని రాత్రంతా మీ ప్రోగ్రామునే వెతుక్కుంటారు. అందుకే స్టేటస్ మాట నమ్మకుండా పాడ్‌ల జాబితా తీసి స్థితి, రీస్టార్ట్‌ల వరుస రెండూ చూడండి. యాడాన్ రాసేటప్పుడు ‘ఎనేబుల్’ స్క్రిప్టు చివర పాడ్ సిద్ధమయ్యేదాకా వేచి ఉండే ఆదేశం పెట్టి, సిద్ధం కాకపోతే తప్పుగానే ముగించండి.

తీసివేత సమస్య

యాడాన్‌ను తూచాలంటే ముందు దాని ‘డిసేబుల్’ స్క్రిప్టు చదవాలని మా సలహా. ‘ఎనేబుల్’ ఏమేం సృష్టించిందో వేదిక ఎక్కడా రాసుకోదు. సృష్టించిన ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకుని తొలగించే బాధ్యత రచయితదే. దీనికి తోడు పరస్పర ఆధారం ఉంది. ఒక యాడాన్‌కు డీఎన్ఎస్ కావాలంటే దాని స్క్రిప్టే లోపలి నుంచి డీఎన్ఎస్‌ను చేర్చుతుంది. ఆ అవసరాన్ని ప్రకటించే గడి యామెల్ ఫైలులో లేదు. మరి తీసివేసేటప్పుడు డీఎన్ఎస్‌ను ఉంచాలా, తీయాలా? దాన్ని ఇంకెవరు వాడుకుంటున్నారో స్క్రిప్టుకు తెలియదు. తెలివైన రచయిత ముట్టుకోకుండా వదిలేస్తాడు. నాలుగు యాడాన్‌లు పెట్టి తీశాక తక్కువ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకు బరువెక్కిందో అప్పుడు అర్థమవుతుంది.

ఈ లోపం మైక్రోకె8ఎస్ ఒక్కదానిదే అనడం న్యాయం కాదు. తేలికపాటి వేదికల్లో మరొకటైన కె3ఎస్‌లో నిర్ణీత ఫోల్డరులో యామెల్ ఫైలు పడేస్తే అది దానంతటదే అమలవుతుంది. తర్వాత ఆ ఫైలును తొలగిస్తే మాత్రం క్లస్టర్‌లోని వస్తువులు అలాగే ఉంటాయి. హెల్మ్ తాను ఏం స్థాపించిందో క్లస్టర్‌లోనే నమోదు చేసుకుంటుంది కాబట్టి కొంత మెరుగు. అయినా ప్రత్యేక ఫోల్డరులో ఇచ్చిన కొత్త వస్తురకాల నిర్వచనాలను అది కూడా తొలగించదు. దానికి కారణం ఉంది. ఒక నిర్వచనం తీసేస్తే ఆ రకం వస్తువులన్నీ దానితోపాటే పోతాయి.

కాబట్టి అంతా ఊడ్చేయడమే ఆదర్శమని కాదు. మిగలకూడని చెత్త వేరు, పోకూడని సమాచారం వేరు. హోస్ట్‌పాత్ స్టోరేజ్ యాడాన్ ఈ తేడాను గౌరవిస్తుంది. నిల్వ ఉన్న సమాచారాన్ని కూడా నాశనం చేయాలంటే డిసేబుల్ ఆదేశానికి ఆ కోరికను విడిగా జోడించాలి. అనుకరించదగిన పద్ధతి ఇదే.

కమాండ్ లైన్ ప్లగిన్‌లు

ప్లగిన్‌ల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. మైక్రోకె8ఎస్ ఉమ్మడి డేటా ఫోల్డరులోని ‘ప్లగిన్స్’లో అమలు చేయదగిన ఫైలు పెడితే ఆ పేరుతో కొత్త ఉపఆదేశం వస్తుంది. క్యూబ్‌సీటీఎల్‌లోనూ దాదాపు ఇంతే. ‘క్యూబ్‌సీటీఎల్’ అని, తర్వాత అడ్డగీత, తర్వాత మీ పేరు పెట్టిన ఫైలు ‘పాత్’లో ఉంటే చాలు. ఈ విధానం 1.14 వెర్షన్‌లో స్థిరపడింది. ఇక్కడ రూపకర్తలు ఒక జాగ్రత్త తీసుకున్నారు. అసలు ఆదేశాల పేరుతో ప్లగిన్ పెడితే అది చెల్లదు. ఒకే పేరుతో రెండు ప్లగిన్‌లుంటే ప్లగిన్ జాబితా ఆదేశం హెచ్చరిస్తుంది. కాని ప్లగిన్ నడిచేది మీ హక్కులతోనే. మీరు తొలగించగలిగిన దేన్నైనా అది తొలగించగలదు. నేమ్‌స్పేస్ వంటి ఐచ్ఛికాలను ప్లగిన్ పేరుకు ముందు రాస్తే ఆదేశం తిరస్కరణకు గురవుతుంది. తర్వాత రాస్తే వాటిని అర్థం చేసుకోవలసింది ప్లగినే. నేమ్‌స్పేస్‌ను పట్టించుకోని ప్లగిన్ తప్పుడు చోట పనిచేసి, అంతా సవ్యంగా జరిగినట్లే ముగుస్తుంది.

అభ్యాసం: ఒక కాన్ఫిగ్‌మ్యాప్‌ను, ఒక పాడ్‌ను సృష్టించే చిన్న యాడాన్ రాయండి. చేర్చకముందు క్లస్టర్‌లోని వస్తువుల జాబితాను ఒక ఫైలులో భద్రపరచండి. సాధారణంగా వాడే ‘ఆల్’ జాబితాలో కాన్ఫిగ్‌మ్యాప్‌లు రావు కనుక వాటిని విడిగా అడగాలి. యాడాన్‌ను రెండుసార్లు ఎనేబుల్ చేసి, ఒకసారి డిసేబుల్ చేసి, మళ్లీ జాబితా తీసి మొదటి దానితో పోల్చండి. మిగిలిపోయిన ప్రతి వరుసకూ కారణం మీ నోటుపుస్తకంలో రాయండి.