తొలకరి మేత, ఆవు తూకం

తొలకరి పడి పది రోజులైతే చాలు, మా మెట్ట ఊళ్లలో బీళ్లన్నీ పచ్చబడతాయి. వేసవంతా చొప్ప, వరిగడ్డి నమిలిన ఆవులు ఆ లేత పచ్చికలో దించిన తల ఎత్తవు. వారం తిరక్కుండానే పేడ పలచబడుతుంది, ఎడమ డొక్క లోపలికి పోతుంది. కాటా ఎక్కిస్తే బరువు తగ్గి ఉంటుంది. ఇంత పచ్చిమేత మేసి చిక్కిపోయిందేమిటని ప్రతి ఏడూ ఎవరో ఒకరు దిగులుపడతారు.

ఆవు తూకంలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా పొట్టలో ఉన్న మేత, నీళ్లే. 300 కిలోల ఆవుకు అది 30 నుంచి 60 కిలోలు. ఎండుగడ్డి ఓ పట్టాన అరగదు, పొట్టలోనే నిలిచి తూకం పెంచుతుంది. లేత గడ్డి ఇట్టే దిగిపోతుంది. పైగా ఎండుమేతకు అలవాటుపడ్డ పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే ఆ రోజుల్లో బీటికి తోలేముందు కాస్త ఎండుగడ్డి వేయాలి.

వేసవిలో జరిగేది దీనికి తలకిందులు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్లకు అటూ ఇటూ. మొత్తం మేతలో అవి ఏడు పాళ్లకు తగ్గితే సూక్ష్మజీవులు పీచును అరగదీయలేవు. పొట్ట నిండుగానే కనిపిస్తుంది, వెన్ను మీద కండ మాత్రం కరిగిపోతుంది. రోజుకు అరకిలో వేరుశనగ చెక్క పెట్టినా ఆ కరుగుడు నెమ్మదిస్తుంది.

నేను నమ్మేది టేపును. పొద్దున్నే, మేతా నీళ్లూ ముట్టకముందు, ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టు కొలుస్తాను. పొట్ట నిండినా ఖాళీ అయినా అక్కడ పెద్దగా తేడా రాదు. తర్వాత భుజం కొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు. చుట్టును చుట్టుతోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 60 అంగుళాలు, పొడవు 50 అయితే సుమారు 273 కిలోలు. టేపు చుట్టేశాక పక్కటెముకలు కూడా తడిమి చూస్తాను. కండ పడుతోందా లేదా చేతికే తెలుస్తుంది.

వేసవిలో తగ్గిన ఆవుకు మంచి మేత దొరికితే, ఏడాదంతా నిండుగా తిన్నదానికంటే వేగంగా ఒళ్లు చేస్తుంది. ఆ సంగతి తెలిసిన బేరగాడు డొక్కలు చూపించి ధర దించుతాడు. తొలకరి పచ్చిక చూసి మూడు వారాలు కాకుండా ఏ ఆవునూ సంతకు తోలకండి. ఆ పెరుగుదల మీ కొట్టంలోనే జరగనివ్వండి.