ట్రాయ్ పెట్టె, షిజువోకా పెట్టె

నా బల్ల మీద రెండు కిట్లున్నాయి. ఒకటి ఏఎంటీ వారి 1966 ఫోర్డ్ మస్టాంగ్, 1/25 స్కేలు. రెండోది టమియా వారి టొయోటా జీఆర్ సుప్రా, 1/24 స్కేలు. అసలు మస్టాంగ్ పొడవు దాదాపు 4.6 మీటర్లు, సుప్రా 4.38 మీటర్లు. బిల్డ్ పూర్తయ్యాక మస్టాంగ్ 18.4 సెంటీమీటర్లు ఉంటుంది, సుప్రా 18.2. రోడ్డు మీద జానెడు తేడా ఉన్న రెండు కార్లు అల్మరాలోకి వచ్చేసరికి సరిసమానం అయిపోతాయి. కంటికి ఒక్కలా కనిపించే ఈ రెండూ చేతికి మాత్రం ఎక్కడా ఒక్కలా తగలవు. నా తీర్పు ముందే చెబుతాను. పనితనంలో టమియాకు సాటి రాగల కంపెనీ లేదు. కట్టేవాడి ఊహకు చోటివ్వడంలో ఏఎంటీ దరిదాపుల్లోకి టమియా రాలేదు.

డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ పట్టణం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఆటో కంపెనీల్లో ఉద్యోగాలకు వెళ్ళి ఆ చుట్టుపక్కలే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏఎంటీ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆ ఊళ్ళోనే, మేపుల్ రోడ్డు మీద ఉండేది. 1948లో వెస్ట్ గాలోగ్లీ అనే లాయరు మొదలుపెట్టిన కంపెనీ అది. పేరు అల్యూమినియం మోడల్ టాయ్స్. కొద్దికాలానికే అల్యూమినియం పోయి ప్లాస్టిక్ వచ్చింది, పొట్టి పేరు మాత్రం నిలిచిపోయింది. వాళ్ళు మొదట చేసినవి కిట్లు కావు. ఆ ఏడాది కొత్త కారు ఎలా ఉంటుందో, ఏ రంగుల్లో వస్తుందో చూపడానికి డీలర్ల బల్లల మీద పెట్టే నమూనాలు. వాటిని ప్రోమోలంటారు. తండ్రి కారు చూడటానికి వస్తే, వెంట వచ్చిన పిల్లవాడి చేతికి ప్రోమో వెళ్ళేది. కార్ల కంపెనీలే కొలతలు ఇచ్చేవి కనుక బాడీ గీత తప్పేది కాదు. పాత ఏఎంటీ బాడీలను ఇవాళ చేతిలోకి తీసుకున్నా ఆ నిజాయితీ కనిపిస్తుంది.

1958లో ఆ బాడీలనే ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్మారు. ఒకే పెట్టెలో మూడు కార్లు ఉన్నట్టు లెక్క: షోరూం నుంచి వచ్చినట్టే స్టాక్‌గా కట్టవచ్చు, కస్టమ్‌గా మార్చవచ్చు, రేసు కారుగా దించవచ్చు. అదనపు బంపర్లు, వేరే చక్రాలు, సూపర్‌చార్జర్లు, వెనక తోక రెక్కలు, అన్నీ అందులోనే. మూడూ ఒకేసారి కట్టలేం, బాడీ ఒక్కటే కదా. ఏదో ఒకటి ఎంచుకోవాలి, లేదా మూడింటిలోంచి తలా కాస్త తీసుకుని నాలుగోది పుట్టించాలి. పదేళ్ళ పిల్లవాడికి డిజైనర్ పని అప్పగించిన పెట్టె అది. జార్జ్ బారిస్ వంటి పేరుమోసిన కస్టమ్ కార్ల నిపుణులను పిలిపించి ఆ అదనపు భాగాలు గీయించారు. కిట్ కట్టగా మిగిలిన ముక్కలను పిల్లలు డబ్బాలో దాచుకునేవారు, తర్వాతి కిట్‌లో వాడుకునేవారు. విడిభాగాల డబ్బా ఇవాళ్టికీ ప్రతి మోడలర్ బల్ల కింద ఉంటుంది.

జపాన్‌లోని షిజువోకా కథ వేరు. 1946లో యోషియో టమియా అక్కడ కోత మిల్లు పెట్టారు. ఆ కలపతోనే చెక్క మోడళ్ళు చేయసాగారు. 1951లో అగ్నిప్రమాదంలో కలప కాలిపోయింది. ఆ తర్వాత మిల్లు వదిలేసి మోడళ్ళనే నమ్ముకున్నారు. 1960లో వాళ్ళ మొదటి ప్లాస్టిక్ కిట్ వచ్చింది, అది యమాటో యుద్ధనౌక. అచ్చులు బయట చేయిస్తే అనుకున్న నాణ్యత, అనుకున్న గడువు రెండూ దక్కవని తేలాక సొంత అచ్చుల విభాగం పెట్టుకున్నారు. టమియా కిట్ నాణ్యతకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. బొమ్మ బాగుండాలంటే అచ్చు బాగుండాలి. అచ్చు బాగుండాలంటే దాన్ని చెక్కే ఉక్కు పనివాడు మన కప్పు కిందే ఉండాలి. అసలు షిజువోకా ప్రాంతమే ప్లాస్టిక్ మోడళ్ళ రాజధాని. హసెగావా, అవోషిమా, ఫుజిమి అన్నీ ఆ చుట్టుపక్కలవే. ఏటా మే నెలలో అక్కడ జరిగే హాబీ షో చూడటానికి జపాన్ నలుమూలల నుంచీ జనం కదిలి వస్తారు.

ఈ రెండు ఊళ్ళ స్వభావం తెలియాలంటే పక్కపక్కన పెట్టి చూడాల్సిన సంఘటనలు రెండున్నాయి.

యోషియో కొడుకు షున్‌సాకు టమియా పోర్షే 934ను 1/12 స్కేలులో కిట్‌గా తేవాలనుకున్నారు. స్టట్‌గార్ట్ వెళ్ళి ఫొటోలు తీసుకున్నారు. తిరిగొచ్చాక మళ్ళీ సందేహాలు. మళ్ళీ వెళ్ళారు. అయినా కొన్ని కోణాలు అంతుపట్టలేదు. చివరికి ఒక అసలు పోర్షే 911 కొని, కంపెనీలో పెట్టి, మర మర విప్పేశారు. విప్పినవన్నీ కొలిచారు. తిరిగి బిగించడం తమవల్ల కాక పోర్షే మెకానిక్ సాయం తీసుకున్నారు. ఆ కిట్ 1976లో వచ్చింది.

అమెరికాలో దీనికి తలకిందులుగా జరిగింది. 1966లో ఏఎంటీ అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఒక షాపు తెరిచి, కస్టమ్ కార్ల నిపుణుడు జీన్ విన్‌ఫీల్డ్ చేతికి అప్పగించింది. అక్కడ ఆయన చేసినవి అసలు కార్లు. ప్లాస్టిక్ బాడీ ఉన్న పిరాన్యా అనే స్పోర్ట్స్ కారు నిజంగా తయారై టీవీ సీరియల్లో నడిచింది. ఆ కారుకు బుల్లి కిట్ కూడా అదే కంపెనీ అమ్మింది. స్టార్ ట్రెక్ సీరియల్లో కనిపించే గెలీలియో అనే చిన్న అంతరిక్ష నౌక నిలువెత్తు నమూనా కట్టిందీ ఆ షాపే.

టమియా అసలు కారును విప్పి మోడల్ చేస్తే, ఏఎంటీ మోడల్ చేయడం కోసం ముందు అసలు కారునే తయారు చేసింది. ఒకరికి కారు ఒక సత్యం, దాన్ని మిల్లీమీటరు తేడా లేకుండా అందుకోవాలి. ఇంకొకరికి కారు ముడిసరుకు, దానితో ఏం చేయొచ్చో చూడాలి. విన్‌ఫీల్డ్ 2025 మార్చిలో 97 ఏళ్ళ వయసులో పోయారు. అదే ఏడాది జూలైలో షున్‌సాకు టమియా 90 ఏళ్ళకు కన్నుమూశారు. పెద్ద దిక్కులిద్దరినీ ఒకే ఏడాది పోగొట్టుకున్న మోడలర్లం మేము.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. సుప్రా ముక్కను చట్రం నుంచి నిప్పర్‌తో కత్తిరించి, అంటుకున్న మొన చెక్కి, దాని చోట పెడితే, జిగురు వేయకముందే నిలబడుతుంది. ముక్క ఏ వైపు తిరగాలో గాడి చెబుతుంది, తిప్పి పెట్టడం కుదరదు. అంచున పలచటి సిమెంట్ జిగురును బ్రష్‌తో తాకిస్తే చాలు, సందులోకి అదే పాకిపోతుంది. సూచనల పుస్తకం అడుగడుగునా బొమ్మలతో నడిపిస్తుంది. ఏ ముక్కకు ఏ రంగో నంబరుతో సహా అక్కడే ఉంటుంది. లోగోలకు మెటల్ స్టిక్కర్లు, అద్దాల అంచులకు రంగు వేయడానికి ముందే గీసిపెట్టిన మాస్కులు కూడా ఇస్తారు.

పాత ఏఎంటీ కిట్లు ఇలా చేయి పట్టుకుని నడిపించవు. బాడీ పొడవునా అచ్చు కలిసిన గీత కనిపిస్తుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాలి. చాలావాటిలో ముందు చక్రాలకు ఇనుప కడ్డీ ఇరుసు ఉంటుంది, అది నేరుగా ఇంజన్ మధ్యలోంచి దూరి పోతుంది. ఏ అసలు కారులోనూ అలా ఉండదు. శ్రద్ధ ఉన్నవాళ్ళు ఆ రంధ్రం పూడ్చి, ఇరుసును రెండుగా కోసి, కొత్త ఏర్పాటు చేసుకుంటారు. ఇది కచ్చితంగా లోపమే, నేను వెనకేసుకు రాను. అయినా ఒక మాట చెప్పాలి. చక్రం దేనిమీద నిలుస్తుంది, స్ప్రింగు ఎక్కడ ఆనుతుంది అని నేను మొదటిసారి ఆలోచించింది ఆ రంధ్రం పూడుస్తున్నప్పుడే. సుప్రా కడుతున్నప్పుడు ఆ ఆలోచన అవసరమే రాలేదు.

మస్టాంగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని రేకు అతకడం. అరవైల నాటి అమెరికన్ కారు నిండా మెరిసే క్రోమ్ పట్టీలు ఉంటాయి. కిటికీల చుట్టూ, తలుపుల కింద, ముందు అద్దం అంచున. కిట్‌లో బంపర్లు, గ్రిల్ వంటివి క్రోమ్ పూతతో వస్తాయి గానీ ఈ పట్టీలు బాడీలోనే సన్నటి ఉబ్బెత్తు గీతలుగా ఉంటాయి. వాటి మీద వెంట్రుకకన్నా పలచని లోహపు రేకు వేయాలి. ముందు గదిలో ఫ్యాను ఆపాలి, లేకపోతే రేకు ఎగిరిపోతుంది. ఒక కుట్టుదారం వెడల్పున ముక్క కోసి, పటకారుతో ఎత్తి, గీత మీద పరిచి, దూది పుల్లతో మెల్లగా రుద్దాలి. ఉబ్బెత్తు అంచు రేకులోంచి తేలుతుంది. అప్పుడు కొత్త బ్లేడు మొనతో, బరువు వేయకుండా అంచు వెంట లాగి, మిగిలింది వలిచేయాలి. బ్లేడు పాతదైతే రేకు చిరుగుతుంది, బరువు పడితే రంగు తెగుతుంది. ఒక్క కిటికీకి నాకు గంట పడుతుంది. అది అయ్యాక మస్టాంగ్‌కు ప్రాణం వచ్చినట్టుంటుంది. సుప్రా లోగో స్టిక్కర్ అతకడానికి రెండు నిమిషాలు చాలు, అది నా చేతికన్నా శుభ్రంగా వస్తుంది. ఆ రెండు నిమిషాల పని నాకు గుర్తుండదు.

రంగు దగ్గర మాత్రం రెండు కిట్లూ ఒకటే, మన వాతావరణం ముందు ఇద్దరూ తలవంచాల్సిందే. సముద్రం పక్క ఊళ్ళలో జూలై, ఆగస్టుల్లో లక్కర్ స్ప్రే కొడితే గాలిలోని తేమ పట్టి మెరుపు మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఒక ముసురు సాయంత్రం తొందరపడి నల్ల బాడీని అలాగే పాడుచేసుకున్నాను. పొడి ఎండ వచ్చేదాకా ఆగడం తప్ప మందు లేదు. అమెరికా నుంచి వచ్చే బంధువులు కిట్ అడిగితే సంతోషంగా తెస్తారు, స్ప్రే డబ్బా మాత్రం విమానం ఎక్కనివ్వరు. రంగు ఇక్కడే వెతుక్కోవాలి.

ఇంజన్ విషయంలో టమియాతో నాకు పేచీ ఉంది. అమెరికన్ కిట్‌లో బానెట్ ఎత్తితే సాధారణంగా ఇంజన్ ఉంటుంది. బ్లాకు, హెడ్లు, ఫ్యాను బెల్టు, బ్యాటరీ అన్నీ విడివిడి ముక్కలు. ఇంజన్ ఎలా ఉంటుందో ఎందరో పిల్లలకు మొదట నేర్పింది ఇవే. జపాన్‌లో కారు కిట్లు చాలాకాలం లోపల మోటారు, బ్యాటరీ పెట్టుకుని నేల మీద పరుగెత్తేవి. ఇంజన్ ఉండాల్సిన చోట మోటారుకు జాగా కావాలి. ఆ అలవాటు తర్వాతా పూర్తిగా పోలేదు. తొంభైల్లో వచ్చిన పాత సుప్రా కిట్‌లో టమియా చక్కటి ఇంజన్ ఇచ్చింది. ఈ కొత్త జీఆర్ సుప్రాలో ఇవ్వలేదు, బానెట్ తెరుచుకోదు. పోర్షేను మర మర విప్పి చూసిన కంపెనీ ఇంజన్ లేని సుప్రా ఇవ్వడం నాకు మింగుడుపడదు. పైనుంచి చూసేవారికి లోటు తెలియదన్నది నిజమే. కట్టినవాడికి తెలుస్తుంది.

సేకరణలోకి వస్తే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ తప్పు ఏఎంటీది, అది చిన్న తప్పు కాదు. డెట్రాయిట్ ఏటా కార్ల ముఖాలు మార్చేది. కిట్లూ ఏటా మారాలి. కొత్త అచ్చు ఖరీదైన పని కనుక, కారు కొద్దిగా మారిన ఏడాది నిరుటి ఉక్కు అచ్చునే తిరిగి చెక్కి కొత్త గ్రిల్, కొత్త దీపాలు పెట్టేవారు. అంతటితో నిరుటి కారు అచ్చులోంచి శాశ్వతంగా చెరిగిపోయేది. మళ్ళీ అచ్చువేద్దామన్నా వేయలేరు. పాత ఏడాది కిట్లకు ఇవాళ సేకర్తలు పెట్టే ధరల వెనక కారణం ఇదే. 1978లో కంపెనీ లెస్నీ చేతికి, తర్వాత ఎర్టెల్ చేతికి పోయింది. ఇప్పుడది ఇండియానాలోని రౌండ్ 2 వారిది. కనుమరుగైన కొన్ని కిట్లను పాత నమూనాలు చూసుకుని వాళ్ళు కొత్త అచ్చులతో తిరిగి తెస్తున్నారు. అది మెచ్చుకోవలసిన పని. టమియా మాత్రం తన అచ్చును తరాల ఆస్తిలా దాచుకుంది. 1976 నాటి పోర్షే 934 లోహపు భాగాలు చేర్చుకుని ఈ మధ్య మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది. తండ్రి కట్టిన కిట్‌ను కొడుకు కొత్త పెట్టెలో కొనుక్కోగలగడం సామాన్యమైన విషయం కాదు.

కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి కిట్ టమియాదే తీసుకోండి. ముక్కలు కూర్చుంటాయి, కారు పూర్తవుతుంది, చేతికి ధైర్యం వస్తుంది. రెండోది ఏఎంటీ తీసుకోండి, పెట్టె మీది బొమ్మను పక్కనపెట్టి మీకు నచ్చిన కారు కట్టండి. పాత కిట్ దొరికితే సీలు తీయకుండా దాచితే భద్రమనుకోకండి. మెత్తటి వినైల్ టైర్లలోని నూనె గుణం గట్టి ప్లాస్టిక్‌ను తింటుంది. ఏళ్ళ తరబడి టైరు ఆనుకున్న చోట అద్దమైనా క్రోమ్ చక్రమైనా కరిగి గాడి పడుతుంది. ఇంటికి తెచ్చిన రోజే పెట్టె తెరిచి, టైర్లు తీసి, విడిగా ఒక కవర్లో పెట్టండి.